లీడ్సు గ్రామరు పాఠశాల: ఒక పదార్థ వివాదము

ఇంగ్లండు దేశమున పూర్వము 'గ్రామరు పాఠశాల' యనగా వ్యాకరణమును మాత్రమే బోధించు బడి కాదు. లాటిను, గ్రీకు భాషలను వ్యాకరణపూర్వకముగా నేర్పు విద్యాలయము. ఈ యర్థమే యొక పాఠశాల గతిని నిర్ణయించిన తీరును ఇచట పరిశీలింతుము.

విలియం షీఫీల్డు మరణశాసనము వలన 1552లో లీడ్సు పట్టణమున ఈ పాఠశాల వెలసినది. 1624లో జాన్ హారిసన్ అను వర్తకుడు దానికి నూతన భవనము కట్టించెను. ఉన్నివస్త్రముల వ్యాపారముచే పట్టణము వర్ధిల్లిన పిదప, గణితమును, ఫ్రెంచి, జర్మను భాషలను గూడ నేర్పింపవలెనని ధర్మకర్తలు తలచిరి. ప్రధానోపాధ్యాయుడు సమ్మతింపలేదు. వివాదము న్యాయస్థానమున కెక్కెను.

1805లో ఎల్డన్ ప్రభువు, జాన్సను నిఘంటువునందలి యర్థమును ప్రమాణముగా గ్రహించి, ప్రాచీనభాషా బోధనకై యేర్పడిన నిధిని ఆధునిక భాషలకు మరలింపరాదని తీర్పు చెప్పెను. ఇట్టి పాఠశాలలలో పాఠ్యవిషయములను విస్తరింపజేయు నధికారమును 1840లో పార్లమెంటు న్యాయస్థానముల కొసగిన పిదప గాని యీ బంధము సడలలేదు.

దాత సంకల్పమును గాపాడుట న్యాయమే యని మేమును అంగీకరింతుము. కాని జాన్సను తన కాలపు వాడుకను నమోదు చేయగా, తీర్పు దానిని కట్టడిగా మార్చినది. 2008లో బాలికల ఉన్నత పాఠశాలతో ఒక్కచోట చేరిన యీ విద్యాలయము పేరున 'గ్రామరు' పదము నేటికిని నిలిచియున్నది. అర్థము మాత్రము మారినది. నిఘంటువు వాడుకకు సాక్షియే గాని శాసనకర్త కాదని మా యభిప్రాయము.