చెక్క డప్పు

చెక్క డప్పు తెలంగాణ గ్రామాలలో విరివిగా వాడుకలో ఉన్న ఒంటిముఖపు చర్మవాద్యము. గుండ్రని కొయ్య చట్రానికి ఒకవైపు మాత్రమే తోలు బిగించి, రెండు పుల్లలతో దీనిని వాయిస్తారు. ప్రాంతాన్ని బట్టి పలక, తప్పెట, కనకతప్పెట అనే పేర్లు కూడా కలవు. తమిళుల పఱై, కన్నడిగుల హలగె దీనికి దగ్గరి చుట్టాలు. భరతుని నాట్యశాస్త్రము వాద్యాలను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెగలుగా విభజించింది. చర్మము కప్పినది గనుక డప్పు అవనద్ధ వాద్యము. ఒకప్పుడు డప్పు అంటే చెక్క డప్పే. ఇనుప చట్రాలు, ప్లాస్టిక్ పొరలు వచ్చిన తరువాతనే "చెక్క" అని ముందు చేర్చి చెప్పవలసి వచ్చింది.

రూపం

డప్పు అడ్డుకొలత ఒక మూరకు కాస్త అటూఇటూగా ఉంటుంది. లోతు మాత్రం చాలా తక్కువ, కొన్ని అంగుళాలే. వంపుగా చెక్కిన కొయ్య ముక్కలను చివరలు కలిపి వలయంగా కూర్చుతారు. అతుకులు సరిగా కూర్చోకపోతే ఎంత మంచి తోలు వేసినా డప్పు పలకదు. మేక తోలును గాని దూడ తోలును గాని వెంట్రుకలు తీసి, నానబెట్టి, తడిగా ఉండగానే చట్రం మీద పరచి, వెనుకకు లాగి వారులతో కడతారు. ఆరినకొద్దీ తోలు ముడుచుకొని బిగుస్తుంది. వెనుక భాగం తెరచియే ఉంటుంది.

కుడిచేతి పుల్లను చిర్ర అంటారు, పల్లె నోట అది సిర్ర. ఇది పొట్టిగా, లావుగా ఉంటుంది. ఎడమచేతిది చిటికెన పుల్ల, పొడవైన సన్నని బద్ద. వాయించే వ్యక్తి డప్పును ఎడమ భుజానికి తగిలించుకొని, ఎడమచేతిని అంచు మీద ఆనిస్తాడు. పాత డప్పులలో చేయి ఆనిన ఆ చోటు అరిగి నున్నబడి ఉంటుంది. అలంకారమంటూ వేరే ఏమీ లేని ఈ వాద్యానికి అదే గుర్తింపు చిహ్నమనవచ్చు.

నాదం

చిర్ర తోలు నడిమికి దగ్గరగా పడి బరువైన దెబ్బను ఇస్తుంది. చిటికెన పుల్ల అంచు దాపున తగిలి చిటచిటమనే పలుచని ధ్వనిని నింపుతుంది. ఈ రెండింటి అల్లికయే దరువు. పెండ్లి దరువు, జాతర దరువు, చావు దరువు వేరువేరుగా ఉంటాయి. ఊరివారు ఇంట కూర్చుండియే దూరపు డప్పు విని, వీధిలో ఏమి జరుగుతున్నదో చెప్పగలరు.

డప్పుకు స్థిరమైన శ్రుతి లేదు. గుండ్రని పొర కంపించినపుడు పుట్టే స్వరాలు మూల స్వరానికి 1.59, 2.14, 2.30 రెట్లు, ఇలా పొంతన లేని నిష్పత్తులలో ఉంటాయి. తీగ వాద్యాలలో ఇవి 2, 3, 4 రెట్లుగా వచ్చి చెవికి ఒకే స్వరంగా వినిపిస్తాయి. మృదంగం, తబలాలపై నల్లని కరణి వేయడం వలన ఆ స్వరాలు సక్రమ నిష్పత్తిలోకి వస్తాయని సి.వి.రామన్, శివకాళి కుమార్ 1920లో నేచర్ పత్రికలో వివరించారు. డప్పుపై కరణి లేదు. కనుక అది రాగంతో జతకూడే వాద్యము కాదు, లయకే అంకితమైన వాద్యము. ఈ కారణంగా దానిని తక్కువ చేసి చూడడం సంగీతము తెలియనివారి పని.

తోలు గాలిలోని తేమను పీల్చి వదులవుతుంది. అందుచేత వాయించే ముందు గడ్డిమంట వేసి డప్పును కాపుతారు. మధ్యమధ్య వేలితో తట్టి వింటూ, కావలసిన బిగువు రాగానే మంట నుండి తీసివేస్తారు. ఎక్కువ కాగితే తోలు పగులుతుంది. శ్రుతి పెట్టుటకు మర గాని బిరడా గాని లేని వాద్యానికి నిప్పే బిరడా.

సైడ్ డ్రమ్ముతో పోలిక

పెండ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలోను, బడులలో ఆగస్టు 15 నాటి కవాతులోను కనిపించే చిన్న డ్రమ్ము సైడ్ డ్రమ్ము. దీనినే స్నేర్ డ్రమ్ అని కూడా అంటారు. యూరపు సైన్యాలలో నడుము పక్కన వేలాడదీసుకొని వాయించినందున ఆ పేరు వచ్చింది. దీనికి రెండు ముఖాలు ఉంటాయి. పైముఖం దళసరి, దెబ్బలు దానిపైనే పడతాయి. అడుగు ముఖం చాలా పలుచన. దానికి ఆనించి కొన్ని చుట్టల తీగలు బిగించి ఉంటాయి. పూర్వం వీటి స్థానంలో జంతువుల పేగులతో చేసిన తంత్రులు కట్టేవారు. పైన దెబ్బ పడగానే లోపలి గాలి అడుగు పొరను కదిలిస్తుంది, తీగలు దానిపై తటతట కొట్టుకొని బుర్రుమంటాయి. పక్కనున్న మీట తిప్పి తీగలను దింపితే అదే డ్రమ్ము బోలుగా, సాదాగా మోగుతుంది. బడి డ్రమ్ములలో చాలావాటికి తీగలు ఊడి, అవి నిజానికి సైడ్ డ్రమ్ములుగా మిగలవు!

నేటి సైడ్ డ్రమ్ములో ఎక్కువగా కనిపించే అడ్డుకొలత 14 అంగుళాలు, లోతు 5 నుండి 6.5 అంగుళాలు. చెక్క డ్రమ్ములలో పలుచని పొరలను అతికించి పీపా చేస్తారు. మేపుల్ కొయ్య ధ్వని నిండుగా, సమంగా ఉంటుందని, బర్చ్ కొయ్యది పదునుగా ఉంటుందని, మహాగని మెత్తగా, కొంత మంద్రంగా పలుకుతుందని వాద్యకారులు అంటారు. ఇందులో నిజం ఉంది గాని, ఆ నిజం చిన్నది. అంచును ఎంత కోణంలో చెక్కారు, పొర దళమెంత, బిగువెంత, తీగలు ఎంత గట్టిగా ఆనుతున్నాయి అనేవి కొయ్య జాతి కంటె ఎక్కువగా ధ్వనిని మారుస్తాయి. కంటికి ముందు కనిపించేది కొయ్య మెరుపు గనుక చెవి కూడా దానినే నమ్ముతుంది.

చెక్క డప్పులో ఈ సంగతి ఇంకా స్పష్టం. పీపా లేదు, అడుగు ముఖం లేదు, తీగలు లేవు. కొయ్య పని తోలును సమంగా పట్టి ఉంచడం, బరువు తక్కువగా ఉండడం, నిప్పు సెగకు మెలి తిరగకుండా నిలవడం. సైడ్ డ్రమ్ములో తీగలు చేసే చిటపట పనిని డప్పులో ఎడమచేతి పుల్ల చేస్తుంది. ఒకచోట యంత్రానికి అప్పగించిన దానిని మరొకచోట మనిషి మణికట్టు నేర్చుకున్నది. అందువలన ఒకే డప్పు ఇద్దరి చేతులలో రెండు డప్పులుగా వినిపిస్తుంది.

ఆర్మూరు ప్రాంతంలో

నిజామాబాదు జిల్లా ఆర్మూరు పసుపు పంటకు పేరుపొందినది. పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టే రోజులలో ఇక్కడ డ్రమ్ము అన్నమాటకు మొదటి అర్థం వాద్యము కాదు, కొమ్ములను వేసి తిప్పుతూ మెరుగుపెట్టే ఇనుప పీపా. అయినను చెవితో పరీక్షించే అలవాటు ఇరుచోట్లా ఒకటే. బాగా ఎండిన పసుపు కొమ్మును విరిస్తే లోహం వలె ఖంగుమంటుంది, తేమ ఉంటే మెత్తగా వంగుతుంది. డప్పును కాపేవాడు వేలితో తట్టి వినేది కూడా తేమనే.

పోచమ్మ, ఎల్లమ్మ బోనాలకు, పెండ్లికి, చావుకు, ఊరి చాటింపుకు డప్పు తప్పనిసరి. తరతరాలుగా దీనిని తయారుచేసి వాయించినవారు ప్రధానంగా మాదిగలు. నిజాం పాలనలోని వెట్టిచాకిరీలో డప్పు కొట్టుట కూడా ఒక భాగం. పిలిచినపుడు కూలి లేకుండా వచ్చి వాయించవలసిందే. గుడి ముందు డప్పు కావాలి గాని, డప్పు పట్టినవానికి గుడి లోపల చోటు ఉండేది కాదు. 1994లో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమానికి దండోరా అనే పేరు స్థిరపడినది ఈ వాద్యపు చాటింపు నుండియే. 2002లో నాటి నిజామాబాదు జిల్లాలోని కామారెడ్డిలో మొదలైన ధూం ధాం సభలు తెలంగాణ ఉద్యమంలో డప్పును వేదిక నడిమికి తెచ్చాయి.

ఇనుప చట్రం, ప్లాస్టిక్ పొర

ప్లాస్టిక్ పొరలు పాశ్చాత్య డ్రమ్ములకు 1950వ దశకం చివర వచ్చాయి. డప్పుకు చాలా ఆలస్యంగా వచ్చినా వేగంగా వ్యాపించాయి. వానలోను వదులు కావు, మంట అక్కరలేదు, తోలు పని చేయనక్కరలేదు. ఒక్క రోజులో నాలుగు ఊళ్ళు తిరిగి వాయించే బృందానికి ఇది పెద్ద వెసులుబాటు, దానిని తప్పుపట్టలేము. ధ్వని మాత్రం మారింది. ప్లాస్టిక్ పొర గట్టిగా, పైస్థాయిలో మోగి దూరం వరకు వినిపిస్తుంది. తోలు డప్పులోని గుండెకు తగిలే మంద్రం అందులో తక్కువ. చిర్రకు, చిటికెన పుల్లకు మధ్యనున్న తేడా కూడా కొంత చెరిగిపోతుంది. చట్రం ఇనుముదైనా తోలు అసలుదైతే ఈ నష్టం అంతగా కనిపించదు. పోయినది ముఖ్యంగా తోలుతోనే పోయింది.

చెక్క డప్పును తేమ తగలని చోట గోడకు వేలాడదీసి ఉంచాలి. నేలపై బోర్లించి పెడితే అతుకులు సడలుతాయి, ఎలుకలు తోలు కొరుకుతాయి. తోలు చిరిగినపుడు చట్రాన్ని పారవేయరు. అదే కొయ్యకు మరల మరల కొత్త తోలు మూస్తారు.