బ్రిటన్ రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్: పనితీరు పర్యవేక్షణ చరిత్ర

ఏ లక్షణమూ లేని స్త్రీలకు మామోగ్రామ్ తీసి రొమ్ము క్యాన్సర్‌ను ముందే పట్టుకునే ప్రయోగాలు న్యూయార్క్‌లో 1963లో, స్వీడన్‌లోని రెండు కౌంటీల్లో 1977లో మొదలయ్యాయి. స్వీడన్ ఫలితాలు 1985లో వెలువడ్డాయి. మరుసటి ఏడాది సర్ పాట్రిక్ ఫారెస్ట్ కమిటీ 50-64 ఏళ్ల స్త్రీలకు మూడేళ్లకోసారి పరీక్ష జరపాలని సిఫార్సు చేసింది. 1988లో బ్రిటన్‌లో జాతీయ కార్యక్రమం ఆరంభమైంది.

మరణాలు తగ్గాయో లేదో తేలడానికి చాలా ఏళ్లు పడుతుంది. అందాకా ఆగకుండా, ప్రతి కేంద్రం పనినీ కొలిచే ప్రమాణాలను తొలినాళ్లలోనే ఏర్పరచుకోవడం ఈ కార్యక్రమం గొప్పతనం. పిలుపు అందుకున్నవారిలో కనీసం 70 శాతం మంది రావాలి. అనుమానంతో మళ్లీ పిలిచినవారెందరు, 15 మిల్లీమీటర్ల లోపు కణితులెన్ని దొరికాయి అన్న లెక్కలు చూపాలి. మామోగ్రామ్‌లు చదివే వైద్యుల చూపునూ పరీక్షించే పద్ధతి 1991లో వచ్చింది. జవాబు ముందే తెలిసిన చిత్రాలను వారికిచ్చి, ఎవరు ఏది వదిలేశారో వారికే చూపిస్తారు. దొరికిన క్యాన్సర్లను వయసు తేడాలు సరిచేసి స్వీడన్ ఫలితాలతో పోల్చే నిష్పత్తి 1996 నాటిది.

వీటన్నిటికన్నా నిక్కచ్చి కొలత మరొకటి ఉంది. పరీక్షలో ఏమీ లేదని చెప్పి పంపాక, తర్వాతి పిలుపు రాకముందే బయటపడే క్యాన్సర్ల లెక్క అది. అలాంటి రోగి పాత మామోగ్రామ్‌ను బయటికి తీసి మళ్లీ చదువుతారు. నిజంగానే ఏమీ కనబడలేదా, చిన్న నీడను దాటేశారా అని చూస్తారు. వాయవ్య ఇంగ్లండ్ లెక్కలు 1995లో అచ్చయ్యాయి. స్క్రీనింగే లేకపోతే రాగల క్యాన్సర్లతో పోల్చితే, ఇలా బయటపడినవి తొలి ఏడాది 31 శాతం, రెండో ఏడాది 52, మూడో ఏడాది 82 శాతం. మూడేళ్ల ఎడం ఎక్కువేమోనన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఎడం తగ్గలేదు గానీ, ఒక్కో రొమ్ముకు రెండు కోణాల్లో చిత్రాలు తీయడం క్రమంగా అన్ని విడతలకూ విస్తరించింది. 2000 నాటి క్యాన్సర్ ప్రణాళిక వయఃపరిమితిని 70కి పెంచింది.

స్క్రీనింగ్‌కు పిలిస్తే రొమ్ము క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గుతాయని 2012లో మైఖేల్ మార్మట్ కమిటీ తేల్చింది. ఒక మరణాన్ని ఆపేచోట, ప్రాణం మీదికి ఎన్నడూ రాని మూడు క్యాన్సర్లకు అనవసరంగా చికిత్స జరుగుతుందనీ దాచకుండా చెప్పింది.

ఇంగ్లండ్‌లో సుమారు 4,50,000 మందికి చివరి పిలుపు వెళ్లలేదని 2018 మేలో ఆరోగ్య మంత్రి పార్లమెంటులో ప్రకటించారు. ఆ సంఖ్య అసలుకన్నా చాలా ఎక్కువని, ఏ వయసు దాకా పిలవాలన్న నిబంధనలోనే స్పష్టత లేదని స్వతంత్ర సమీక్ష అదే ఏడాది డిసెంబరులో తేల్చింది.