రాసినందుకు కూలి

"గిన్ని దినాలు రాస్తివి గద బిడ్డా, ఎంత గిట్టింది?"

మొన్న సంక్రాంతికి కొత్తకోట వచ్చినప్పుడు మా అమ్మ అడిగిన ప్రశ్న ఇది. మూడువందల పేజీల నవల అనువాదం చేశాను. సగం డబ్బు ముందే ఇచ్చారు. పుస్తకం వచ్చింది, ఆవిష్కరణ సభ జరిగింది, నాకు శాలువా కప్పారు. మిగతా సగం రెండేళ్లయినా రాలేదు. ఫోన్ చేస్తే "మీకు మంచి పేరొచ్చింది కదమ్మా" అంటారు ప్రచురణకర్త. ఇదంతా చెప్తే అమ్మ ఒక్కటే మాటంది: "చీరె దింపినంక పైసలియ్యకుంటె రెండో పడుగు ఎక్కియ్యం మేము."

మాది మగ్గమున్న ఇల్లు. సాహిత్యంలో డాక్టరేట్ తీసుకున్నాక ఉద్యోగం దొరకలేదు. అనువాదాలు, పత్రికల వ్యాసాలు, పాఠ్యపుస్తకాల్లో పాఠాలు, ఎవరెవరివో ఆత్మకథలు దిద్దిపెట్టడం - ఎనిమిదేళ్లుగా ఇదే నా బతుకుతెరువు. నాన్నకు చీరెకింత అని కూలి. నాకు పేజీకింత అని. కానీ నాన్న దాన్ని కూలి అంటాడు, అడిగి తీసుకుంటాడు. నాకు వచ్చేదాన్ని మాత్రం పారితోషికం అంటారు. ఈ మాట పుట్టింది పరితోషం నుంచి. అంటే ఎవరో సంతోషించి ఇచ్చేది. వాళ్లకు సంతోషం కలగకపోతే అడగడానికి మనకు నోరెక్కడిది?

ఈ మాట వెనకాల పెద్ద చరిత్ర ఉంది. అది మా ఊరి చుట్టూనే ఉంది. కొత్తకోటకు ఒకవైపు వనపర్తి, ఇంకోవైపు ఆత్మకూరు, కృష్ణ దాటితే గద్వాల. మూడూ సంస్థానాలే. గద్వాలకైతే 'విద్వద్గద్వాల' అన్న పేరే ఉంది. కవులు దూరాల నుంచి వచ్చి సభల్లో పద్యాలు చెప్పి, శాలువాలూ నగదూ వార్షికాలూ అందుకుని వెళ్లేవారు. తిరుపతి వేంకటకవులు ఆత్మకూరూ గద్వాలా రెండూ చూసినవాళ్లే. పద్యం అమ్ముకోవడం తప్పు, రాజు మెచ్చి ఇస్తే పుచ్చుకోవడం గౌరవం. ఈ మర్యాద ఆనాటిది. కాలినడకనో బండి మీదనో ఊరూరూ తిరిగి, సభ మధ్యలో నిలబడి, ఎవరు ఏది అడిగినా ఆశువుగా చెప్పగలగాలి. ఇల్లు దాటే వీలున్నవాళ్లకే ఆ గౌరవం. 1924లో రాజు పోయాక గద్వాలను పాలించింది మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఇచ్చే చేయి ఆడదైనంత మాత్రాన పుచ్చుకునే వరస మారదు కదా! 1949లో జాగీర్ల రద్దుతో ఆ లోకం ముగిసింది. శాలువా మాత్రం మిగిలింది.

స్త్రీలకు రాతమీద డబ్బు నిజంగా కనిపించింది వారపత్రికలు వచ్చాకే. ఇక్కడ నాకు మొదట గుర్తొచ్చేది మాలతీ చందూర్. 1952లో ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. వంటలు, ఆరోగ్యం, పిల్లల పెంపకం, ఎవరికీ చెప్పుకోలేని కాపురం కష్టాలకు జవాబులు. 1992లో ఆమెకు సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది 'హృదయనేత్రి' నవలకు. మన విమర్శ కూడా నవలల్నే లెక్కలోకి తీసుకుంటుంది. వారం తప్పకుండా, ఒంట్లో బాగున్నా బాగాలేకపోయినా రాసి పంపాల్సిన ఆ శీర్షికను 'ఆడవాళ్ల పేజీ' అని పక్కన పెట్టేస్తుంది. విడిగా రాసి బతికే మనిషికి నవల పండగలాంటిది, శీర్షిక రోజువారీ బియ్యం. ఇది తెలియడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. నా పరిశోధనలో నేనూ శీర్షికల్ని వదిలేశాను మరి.

1960, 70ల్లో స్త్రీల నవలలకు వచ్చిన గిరాకీ మనందరికీ తెలుసు. జ్యోతి మాసపత్రికలో వచ్చిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' కోసం పాఠకులు ఎదురుచూసేవారు. 1973లో 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ సినిమాలయ్యాయి. స్త్రీ పేరుకు ఎంత విలువ వచ్చిందంటే పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో రాశారు. ఎప్పుడు చదివినా నవ్వొస్తుంది, ఆ వెంటనే ఆలోచనా వస్తుంది. గిరాకీ పేరుకే వచ్చిందా, ఆ పేరు వెనక ఉన్న శ్రమకు కూడానా?

మా పాలమూరులోనే పుట్టిన పాకాల యశోదారెడ్డిది వేరే దారి. 1929లో బిజినేపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లో అధ్యాపకురాలిగా పనిచేశారు. 1973లో వచ్చిన 'మా ఊరి ముచ్చట్లు'లో పాలమూరు ఆడవాళ్ల నోటిమాట ఉన్నదున్నట్టుగా పలుకుతుంది. ఆ రోజుల్లో సీరియళ్లలో చెల్లుబాటయ్యే భాష అది కాదు. నెలజీతం ఉంది కాబట్టే ఆమె ఆ భాషలో రాయగలిగారని నాకు గట్టిగా అనిపిస్తుంది. జీతం లేక, పత్రికల మీదే ఆధారపడితే ఏమయ్యేది? నా సంగతే చెప్తాను. నా అనువాదంలో మా అమ్మ మాటలు పదో పన్నెండో పెట్టాను. 'పాఠకులకు అర్థం కావు' అని కొట్టేసి పంపారు. నేను ఊరుకున్నాను. రావాల్సిన సగం డబ్బు వాళ్ల దగ్గరుంది మరి.

ఇప్పుడు ఆ పత్రికలూ పోతున్నాయి. నెలకో నవల వేసిన 'చతుర', ఇతర భాషల కథల్ని తెచ్చిచ్చిన 'విపుల' 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. నాలాంటి అనువాదకులకు 'విపుల' ఆగిపోవడమంటే ఒక గుమ్మం మూసుకుపోవడమే.

మన రచయిత్రులు చాలామంది చూడని కాగితం ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం, 19వ సెక్షన్. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి. ఎంత ఇస్తారో అందులో రాయాలి. గడువు రాయకపోతే అయిదేళ్లే అని లెక్క. నోటిమాట మీద "హక్కులన్నీ మావే" అంటే చెల్లదు. నేనూ డాక్టరేట్ వచ్చాకే చదివాను దీన్ని. సిలబస్‌లో కావ్యప్రయోజనాల్లో 'అర్థకృతే' ఉంది. యశస్సు తర్వాత రెండోది అదే. అయినా ఆ అర్థం ఎలా వస్తుందో ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఇదంతా అమ్మకు వివరిస్తూ కూర్చున్నాను. అమ్మ రాట్నం ముందు కండెలు చుడుతోంది. పెళ్లయిన దగ్గర్నుంచి చుడుతూనే ఉంది. కండె లేకపోతే నాడెలో పేక లేదు, పేక లేకపోతే చీరె లేదు. ఒక్కసారిగా తట్టి అడిగాను.

"నీ కండెల కూలెంతమ్మా?"

"నాకెవరిస్తరే? చీరె కూలిలనే అన్నీ." రాట్నం ఆపకుండానే నవ్వింది. "నువ్వు అడుగు. నీకన్న రాసుడొచ్చు గద."

ఆ మధ్యాహ్నమే ప్రచురణకర్తకు ఉత్తరం రాశాను. ఒప్పందం నకలు జతపరిచాను. 'నా పారితోషికం బాకీ' అని మొదలుపెట్టి, పారితోషికం కొట్టేసి, కూలి అని రాశాను. కొట్టేసిన మాట కనిపిస్తోంది, తిరగరాద్దామా అనుకున్నాను. వద్దనిపించింది. బజార్ల పోస్టాఫీసుకు పోయి స్పీడ్ పోస్టులో పంపి వచ్చాను. రసీదు అమ్మ తీసుకుని కండెల డబ్బాలో పెట్టింది.