డాక్టరుగారి కునుకు

మన నవలల్లో డాక్టర్లకి నిద్ర రాదు. రాత్రి రెండింటికి ఆపరేషను ముగించి, పొద్దున్నే చెదరని క్రాపుతో హీరోయిన్ ఇంటికి కాఫీకి వచ్చేస్తారు. అసలు డాక్టరుకీ అలుపొస్తుందని, దాన్ని కొలవచ్చని మొదట ఎవరికి తోచిందా అని వెతకబోతే, ఇటలీలోని ట్యూరిన్ దాకా వెళ్లాల్సొచ్చింది.

అక్కడ ఏంజెలో మొస్సో అనే శాస్త్రవేత్త ఎర్గోగ్రాఫ్ అని ఒక యంత్రం చేశాడు. చెయ్యి బల్లకి బిగించి, నడిమివేలికి తాడు తగిలించి, దాని కొసన వేలాడే బరువుని మాటిమాటికీ లాగమంటాడు. ఆ లాగుళ్లన్నీ మసిపూసిన కాగితం మీద గీతలుగా పడతాయి. వేలు అలిసేకొద్దీ గీత పొట్టిదవుతుంది. బరువులు లాగితే అలవదా ఏమిటి అంటారు కదూ? ఆగండి. తోటి అధ్యాపకుడు డాక్టర్ మజ్జొరా విద్యార్థులకి నోటిపరీక్షలు పెట్టి వచ్చాక చూస్తే, ఆయన వేలు చతికిలబడింది! పాపం, ఆయన మోసిందేమీ లేదు. కూర్చుని ప్రశ్నలడిగాడు, అంతే. అలిసింది బుర్ర, పట్టుబడింది వేలు. 1891లో మొస్సో అలసట మీద ఏకంగా పుస్తకమే వేశాడు.

బుర్రనే తిన్నగా అడిగినవాడు జర్మనీలో, యేనా పట్టణపు మానసికవైద్యుడు హాన్స్ బెర్గర్. 1924లో మనిషి తలమీంచి మెదడు విద్యుత్తుని గీయించాడు. నమ్మకం కుదరక ఐదేళ్లు గుట్టుగా ఉంచి, 1929లో బయటపెట్టాడు. కళ్లు మూసుకుని తీరిగ్గా ఉన్న మనిషి మెదడులో సెకనుకి పది దాకా లేచే అలలు, కునుకు ముంచుకొస్తుంటే చెదిరి నెమ్మదిస్తాయని తర్వాతివాళ్లు తేల్చారు. కనుగుడ్లు కూడా ఉయ్యాల్లా మెల్లిగా దొర్లుతాయట. "నిద్రపోలేదండీ, ఊరికే కళ్లు మూసుకున్నా" అని మనం బొంకొచ్చు గానీ, కాగితం బొంకదు.

అయినా ఆ తీగలు డాక్టర్ల దాకా రావడానికి చాలాకాలం పట్టింది. 1971లో అమెరికాలో 14 మంది కుర్ర డాక్టర్ల చేత గుండె గీతలు చదివిస్తే, నిద్రలేని రోజున దాదాపు రెట్టింపు తప్పులు చేశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1984లో న్యూయార్కులో జ్వరంతో ఆసుపత్రిలో చేరిన 18 ఏళ్ల లిబీ జయాన్ తెల్లారేసరికి చనిపోయింది. ఆమె తండ్రి పట్టు విడవలేదు. 1989లో ఆ రాష్ట్రంలో జూనియర్ డాక్టర్లకి వారానికి 80 గంటలు, ఏకబిగిన 24 గంటలు మించకూడదని నిబంధన వచ్చింది. ఎనభై! అదీ తగ్గించాక.

2004లో బోస్టనులో 20 మంది జూనియర్ల కళ్లపక్కన, తలమీద తీగలంటించి వార్డుల్లో తిప్పారు. ఏకబిగి డ్యూటీని 16 గంటలకి కుదిస్తే, రాత్రిపూట పని మధ్యలో కనుగుడ్లు దొర్లిపోవడం సగానికి పైగా తగ్గింది. పాత పద్ధతిలో పెద్ద తప్పులు 36 శాతం ఎక్కువని అదే చోట తేలింది.

ఇప్పుడు తలకి పట్టీలా కట్టుకునే సెన్సర్లతో ఆపరేషను చేసేవాళ్లనీ పరీక్షిస్తున్నారు. కనురెప్ప కొట్టినా, దవడ బిగించినా గీత కంగాళీ అవుతుందనుకోండి. నా బెంగ అది కాదు. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుంది? "ఇంటికెళ్లి పడుకో నాయనా" అనేవాళ్లకా, సంజాయిషీ అడిగేవాళ్లకా?

అన్నట్టు, బోస్టనులో పని వారానికి ఇరవై గంటల దాకా తగ్గిస్తే, ఆ పిల్లలు అందులో ఆరు గంటల దాకా అదనంగా నిద్రపోయారట. మిగతా గంటల్లో ఏం చేశారని అడగడానికి నేనెవర్ని?