పరదేశమున పురుడు

తుంగభద్ర యొడ్డున రాజోలిలో మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన పిల్లకు తొలి కానుపు పుట్టింటనే జరుగవలెనని మనవారి యాచారము. తల్లి చేయి, ఊరి మంత్రసాని, కాయపుటుండ, వేడినీళ్లు, బాలింతపథ్యము, ఇవన్నియు అడుగకయే అమరును. మంత్రసాని నేర్పు అన్ని వేళల చాలినది కాదు; పురిటిలో తల్లినో బిడ్డనో పోగొట్టుకొన్న యిండ్లు ఏ పల్లెకును కొత్త కావు. అయినను ఆపదవేళ తన భాషలో తన బాధ చెప్పుకొనుటకు పక్కన ఒక స్త్రీ యుండెడిది. సముద్రము దాటిన స్త్రీకి మొట్టమొదట కరవైనది ఈ యాసరాయే.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి ట్రూరో అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరెను. అది మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా నేటాలునకు పోయినవారు 1,52,184 మంది. వారిలో అరవలతోపాటు తెలుగువారును పెక్కురు. నూరుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నిబంధన యేర్పడెను. ఓడ లెక్క సరిపుచ్చుటకు స్త్రీలు కావలసివచ్చిరి. చెరకుతోటలో పురుషునకు తొలియేట నెలకు పది షిల్లింగులు; స్త్రీకి అందులో సగము. అనుమతి లేక ఒకనాడు పని మానినచో రెండునాళ్ల కూలి కోయు పద్ధతి యుండెను. నిండుచూలాలు ఎన్నాళ్లవరకు చెరకుతోటకు నడచెనో మీరే యూహింపుడు.

కూలివాని గుడిసె మాట యటుంచుడు. బారిష్టరు గాంధిగారి యింటనే కస్తూరిబాయికి పురుడు పోయుటకు శిక్షణ పొందిన భారతీయ స్త్రీ దొరకుట దుర్లభమయ్యెను. వైద్యుడును దాదియు వేళకు రాకపోయిన నేమి గతియని గాంధిగారు ముందుగనే భయపడి, డాక్టరు త్రిభువనదాసు గుజరాతీలో వ్రాసిన పుస్తకమును శ్రద్ధగా చదివిరి. ఆ భయమే నిజమయ్యెను. 1900 మే 22వ తేదీన నొప్పులు హఠాత్తుగా వచ్చెను; వైద్యుడు వెంటనే దొరకలేదు; మంత్రసానిని పిలుచుకొని వచ్చుటకు ఆలస్యమయ్యెను. దేవదాసును గాంధిగారు తమ చేతులతోనే భూమిమీద పడవేసికొనిరి. పుస్తకము చదువగల భర్త లేని తోటకూలి స్త్రీకి ఆ గడియలో దిక్కెవరు?

మరల మరల వచ్చు కాన్పులకు గాంధిగారు చూపిన విరుగుడు బ్రహ్మచర్యము. ఆ వ్రతమును 1906లో పట్టిరి. వ్రతము పట్టునప్పుడు మాత్రమే భార్యనడిగితిననియు, ఆమె అభ్యంతరము చెప్పలేదనియు వారే ఆత్మకథలో దాచక వ్రాసికొనిరి. 1935 డిసెంబరులో అమెరికానుండి మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి గర్భనిరోధ సాధనముల పక్షమున వాదించినను వారు అంగీకరింపలేదు. ఆ సంభాషణలో నాకు సాంగరమ్మ పక్షమే న్యాయముగా తోచును. వ్రతము పట్టని మగని యింట ఆ విరుగుడు ఆడుదాని చేతిలో లేదు గదా!

డర్బన్‌లో పుట్టిన డాక్టరు గూనం ఎడింబరోలో చదివి, 1936లో వైద్యురాలై తిరిగి వచ్చినది. మగవైద్యునితో నోరు విప్పలేని మన స్త్రీలకు ఆమె పెద్ద అండయయ్యెను. 1946లో సత్యాగ్రహము చేసి చెరసాలకును పోయెను. తన జీవితకథకు ఆమె పెట్టిన పేరు “కూలీ డాక్టర్”. అది 1991లో వెలువడెను.

1974లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము కుటుంబనియంత్రణ సాధనములను ఉచితముగా పంచనారంభించెను. వోటు నిరాకరించిన ప్రభుత్వము గర్భనిరోధమునకు మాత్రము ధారాళముగా ధనము వెచ్చించుట చూచి నల్లజాతులవారు శంకించిరి. తెల్లవారుకాని ప్రజలు పెరుగుదురను భయమే దానికి మూలమని పలువురు తలంచిరి. ఆ శంక అకారణమని నేననజాలను. అయినను ఆ సూదిమందు భర్తకు తెలియకుండ వేయించుకొనవచ్చునని కోరి వచ్చిన స్త్రీలును ఉండిరి. ఒకే మందు ఒకతెకు బంధము, వేరొకతెకు విడుదల.

వర్ణవివక్ష తొలగిన పిమ్మట 1996లో కొత్త శాసనము వచ్చెను. పండ్రెండు వారములలోపు గర్భమును ఉంచుకొనుటయో మానుటయో స్త్రీయే నిర్ణయించుకొనవచ్చును; అందుకు భర్త సమ్మతి గాని, తండ్రి సమ్మతి గాని అక్కరలేదని అందు కలదు. ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరి అప్పటికి నూట ముప్పదియారేండ్లు.