సోడాలో ఐసు కరగడం

సోడా, కూల్‌డ్రింకుల వంటి గ్యాసు పానీయాల్లో ఐసుగడ్డ ఎంత వేగంగా కరుగుతుందన్నది పానీయపు వేడి, అందులో కలిసిన బొగ్గుపులుసు వాయువు, ద్రవంలోని కదలికలను బట్టి ఉంటుంది. ఎండలు 40 డిగ్రీలు దాటే కొత్తకోట (వనపర్తి జిల్లా, 2016 వరకు మహబూబ్‌నగర్) వంటి ఊళ్లలో, హైదరాబాదు-కర్నూలు రహదారి వెంట సోడా అమ్మేవారికి ఇది రోజూ ఎదురయ్యే లెక్క.

చరిత్ర

అక్బరు కాలంలో హిమాలయాల మంచు లాహోరుకు చేరేదనీ, సూరేకారంతో నీళ్లు చల్లబరిచేవారనీ అయినె అక్బరీ చెబుతుంది. ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా దక్కను పల్లెల్లో చల్లని నీళ్లంటే కుండనీళ్లే.

19వ శతాబ్దంలో ఐసు ఓడలెక్కి వచ్చింది. బోస్టన్ వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్ 1833 మే నెలలో 180 టన్నుల ఐసును 'టస్కనీ' ఓడలో కలకత్తాకు పంపాడు. సెప్టెంబరులో ఓడ చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. ఉష్ణమండల సముద్రాల మీదుగా నాలుగు నెలలు సాగిన ప్రయాణంలో ఇంత మిగలడం ఆ కాలానికి అద్భుతమైన విజయం. గడ్డలను దగ్గరగా పేర్చి, చుట్టూ పొట్టు దట్టించడం ఈ వ్యాపారపు కిటుకు. పొట్టులో చిక్కుకున్న గాలి కదలదు కాబట్టి వేడి లోపలికి త్వరగా చొరబడదు. నిన్నమొన్నటి దాకా మన సోడా బండ్ల మీద ఐసుగడ్డకు గోనెసంచి చుట్టి, ఊక పోసింది కూడా ఇందుకే. మద్రాసు సముద్రతీరాన 1842లో ట్యూడర్ ఐస్‌హౌస్ వెలిసింది. 1874లో అదే నగరంలో ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ ఏర్పడి యంత్రాలతో ఐసు తయారీ మొదలయ్యాక, 1880 నాటికి ఇక్కడ అమెరికా ఐసు వ్యాపారం కుప్పకూలింది. 1897లో స్వామి వివేకానంద బస చేసిన భవనం ఆ ఐస్‌హౌసే.

సోడా చరిత్ర వేరు. జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1767లో లీడ్స్‌లోని బీరు బట్టీ వాయువును నీళ్లలో కలిపాడు. జేకబ్ ష్వెప్ 1783లో జెనీవాలో దాన్ని వ్యాపారంగా మార్చాడు. హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన సీసాయే మన గోలీసోడా బుడ్డి. లోపలి గ్యాసు గోలీని మూతి దగ్గరి రబ్బరు చుట్టకు అదిమి పట్టి ఉంచుతుంది; వేలితో నొక్కగానే కీచుమని గ్యాసు వదిలి, గోలీ మెడలోని గుంతలో పడుతుంది. తెలుగునాట రామచంద్రపురంలోని ఆర్టోస్ కూల్‌డ్రింకుల సంస్థ ఇలాంటి సోడా వ్యాపారం నుంచే ఎదిగింది. 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లింది, థమ్సప్ వచ్చింది. 1993లో కోకాకోలా తిరిగొచ్చింది.

కరిగే తీరు

ఐసు కరగడానికి చాలా వేడి కావాలని జోసెఫ్ బ్లాక్ 1760లలో నిరూపించాడు. సున్నా డిగ్రీల దగ్గర ఉన్న ఒక గ్రాము ఐసు కరగడానికి దాదాపు 80 కేలరీలు పడతాయి. ఆ లెక్కన 35 డిగ్రీల 200 మిల్లీలీటర్ల సోడాను 5 డిగ్రీలకు దించాలంటే సుమారు 70 గ్రాముల ఐసు కరిగి అందులోనే కలవాలి. అదే సోడా ముందే 10 డిగ్రీలకు చల్లబడి ఉంటే 12 గ్రాములు చాలు. సీసాలను ముందుగా ఐసుపెట్టెలో పడుకోబెట్టే పాత అలవాటు ఎంత తెలివైనదో ఇందులో కనిపిస్తుంది.

తీపి పానీయాన్ని కదపకుండా ఉంచితే, కరిగిన నీరు తేలికై పైన పలుచటి పొరగా తేలి, ఐసుకు అడ్డుగా నిలుస్తుంది. గ్యాసు ఉన్నంతసేపు పైకి లేచే బుడగలు ఆ పొరను చెదరగొట్టి, కింది వెచ్చటి ద్రవాన్ని గడ్డ దాకా తెస్తాయి. గ్యాసు తగ్గిన కొద్దీ ఈ సాయం తగ్గుతుంది.

ఐసు మీది గరుకు అంచుల్లో, సన్నని పగుళ్లలో చిక్కిన గాలి బుడగలు పుట్టడానికి ఆధారమవుతుంది. అందుకే దంచిన ఐసు వేయగానే గ్లాసు పొంగుతుంది. ఉప్పు వేసినా ఇంతే. చల్లదనం మాత్రం గ్యాసును పట్టి ఉంచుతుంది: వాతావరణ పీడనం వద్ద లీటరు నీరు సున్నా డిగ్రీలలో సుమారు 1.7 లీటర్ల గ్యాసును ఇముడ్చుకుంటే, 35 డిగ్రీలలో 0.6 లీటర్లే ఇముడ్చుకోగలదు.

దంచిన ఐసు త్వరగా చల్లబరుస్తుంది కానీ గ్యాసును పోగొడుతుంది. ఘాటు నిలవాలంటే సీసాను ముందే చల్లబరిచి, నీళ్లతో కడిగిన నునుపైన పెద్ద గడ్డ ఒక్కటి వేసుకోవడమే మేలు.