బంగారు గని నవల, బొగ్గుబాయి పాఠకులు

ఫ్రాన్సీన్ రివర్స్ రాసిన 'రిడీమింగ్ లవ్' నవలని నేను గోదావరిఖనిలో చదివాను. ఎక్కడ కూచుని చదివామన్నది కూడా చదవడంలో భాగమేనని నా నమ్మకం. ఇదే పుస్తకం ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనో దొరికి ఉంటే, పితృస్వామ్యం గురించి నాలుగు మాటలు నోట్ చేసుకుని అరలో పెట్టేసేదాన్నేమో. ఇక్కడ అలా కుదరలేదు. పుస్తకం ఇచ్చినామె నర్సుగా చేసి రిటైరైన మా కాలనీ అక్క. గల్ఫ్‌లో ఉన్న కూతురు పంపిందట. "నాకు ఇంగ్లీషు అంత పారది. నువ్వు చదివి మా స్త్రీల కూడికల తెలుగుల చెప్పాలె" అని షరతు పెట్టి మరీ ఇచ్చింది. నేను చర్చి మనిషిని కాను. అయినా ఒప్పుకున్నాను.

ఈ రకం నవలలకి అమెరికాలో పెద్ద మార్కెట్టే ఉంది. 1967లో వచ్చిన కాథరిన్ మార్షల్ 'క్రిస్టీ', 1979లో వచ్చిన జానెట్ ఓక్ 'లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ' దీనికి దారి వేశాయంటారు. పాత కాలం, పల్లె లేదా సరిహద్దు ప్రాంతం, కష్టపడే స్త్రీ, ఓపికున్న మగవాడు, వాళ్లిద్దరి మధ్యా దేవుడు. రివర్స్ మొదట మామూలు శృంగార నవలలు రాసేది. 1980లలో విశ్వాసిగా మారాక ఆ రాతలు ఆపేసి 1991లో 'రిడీమింగ్ లవ్' తెచ్చింది. 1997లో క్రైస్తవ ప్రచురణకర్తలు దాన్ని మళ్లీ వేశారు. 2022లో సినిమా కూడా అయింది. జానిస్ రాడ్వే 1984లో రొమాన్సు పాఠకురాళ్లని నేరుగా అడిగి రాసిన పుస్తకం మనలో చాలామంది చదివిందే. క్రైస్తవ రొమాన్సు చదివే స్త్రీల మీద లిన్ నీల్ 2006లో అలాంటి పనే చేసింది. ఇద్దరూ చెప్పేది ఒకటే: చదివేవాళ్లు అమాయకులు కారు, పుస్తకంలోంచి తమకి కావలసింది తీసుకుంటారు. యద్దనపూడి 'సెక్రటరీ'ని పంచుకుని చదివిన తరాన్ని ఎరిగిన మనకి ఇది కొత్త సంగతేం కాదు.

కథ 1850 నాటి కాలిఫోర్నియా బంగారు గనుల ఊళ్లో మొదలవుతుంది. ఎనిమిదేళ్ల వయసులో అమ్ముడుపోయిన పిల్ల పెరిగి ఏంజెల్ అనే పేరుతో వేశ్యాగృహంలో ఉంటుంది. మైకేల్ హోషేయ అనే రైతు దేవుడు చెప్పాడని ఆమెని పెళ్లాడతాడు. ఆమె పారిపోతుంది. అతను వెతికి తెస్తాడు. మళ్లీ పోతుంది, మళ్లీ తెస్తాడు. మూడోసారి పోయినప్పుడు అతను వెళ్లడు. మూడేళ్ల తర్వాత ఆమే తనంతట తాను వస్తుంది. బైబిలు తెలిసినవాళ్లకి ఇది హోషేయ, గోమెరుల కథ అని వెంటనే అర్థమవుతుంది. కూడికలో నేను పది మాటలు చెప్పకముందే వాళ్లు గుర్తుపట్టారు.

చరిత్ర నవల అన్నాక అందులో చరిత్ర ఎంతుందో అడగాలి కదా. 1848 జనవరిలో కొలోమా దగ్గర సట్టర్ రంపపు మిల్లు కాలవలో బంగారం కనపడింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచం నలుమూలల నుంచీ మగవాళ్లు దిగారు. 1850 జనాభా లెక్కల్లో అక్కడ ఆడవాళ్లు పదో వంతు కూడా లేరు. వ్యభిచారం ఇంత పెద్ద వ్యాపారం కావడానికి మూలం ఇక్కడ ఉంది. నవల ఈ నేపథ్యాన్ని బాగానే పట్టుకుంది. బురద, జూదం, గుడిసెలు, తూకం వేసి ఇచ్చే బంగారు పొడి, అన్నీ ఉన్నాయి. కానీ ఆ నేల ఎవరిదన్న ప్రశ్నని అది పట్టించుకోదు. 1850లోనే ఆ రాష్ట్రం మూలవాసుల 'రక్షణ' పేరుతో చట్టం చేసింది. దాని కింద వాళ్ల పిల్లల్ని తెల్లవాళ్లు వెట్టికి పెట్టుకోవచ్చు. సుమారు లక్షా యాభై వేలున్న మూలవాసులు ఇరవై ఏళ్లలో ముప్పై వేలకి పడిపోయారు. మైకేల్ దున్నే పచ్చని లోయ అంత ఖాళీగా ఎలా దొరికిందో రచయిత్రి అడగదు. అమ్ముడుపోయిన ఒక తెల్లపిల్ల కోసం కన్నీళ్లు పెట్టించే నవలలో, అదే ఏడు చట్టబద్ధంగా వెట్టికి పోయిన పిల్లలకి ఒక పేజీ దక్కలేదు.

ఇక మూలకథ సంగతి. క్రీస్తుకు పూర్వం ఎనిమిదో శతాబ్దపు ప్రవక్త హోషేయ గ్రంథంలో గోమెరు తనంతట తాను ఒక్క మాటా మాట్లాడదు. ఆమె అన్నదని భర్త చెప్పే మాటలే మనకి వినిపిస్తాయి. బట్టలు ఊడదీస్తానని, దారికి ముళ్లకంచె వేస్తానని బెదిరింపు, ఆ వెంటనే ప్రేమగా మాట్లాడతానని బుజ్జగింపు. డ్రోరా సెటెల్ 1985లో, రెనిటా వీమ్స్ 1995లో ఈ అధ్యాయాల్ని చదివి, భార్యని కొట్టే మగవాడి భాషకీ దీనికీ ఉన్న పోలికని చూపించారు. రివర్స్‌కి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి: ఆ శిక్షలన్నీ ఆమె తీసేసింది. మైకేల్ ఓర్చుకుంటాడు, భార్య మీద పగ పట్టడు. అయినా సారాకొట్టు మీది గదిలోంచి మనుషుల్ని కొట్టి మరీ ఆమెని తీసుకొస్తాడు. చావుదెబ్బలు తిని స్పృహ సరిగా లేని మనిషి చేత పెళ్లికి ఒప్పించుకున్నాడు. అక్కడ నాకు ఊపిరాడలేదు. ప్రేమ ఎంత ఓపిగ్గా ఉన్నా, ఒద్దని చెప్పే శక్తి లేనప్పుడు అడగడమేమిటి?

నేను ఊహించనిది, ఈ ఘట్టం దగ్గర కూడికలో ఎవరూ పెద్దగా కదలకపోవడం. వాళ్లు పట్టుకున్నది పేరుని. ఏంజెల్ తన అసలు పేరు ఎవరికీ చెప్పదు. మైకేల్ ఆమెని మారా అంటాడు, తర్వాత అమాండా అంటాడు, తిర్సా అంటాడు. అన్నీ అతను పెట్టినవే. నేను దీన్ని మగవాడి అధికారంగా చదివాను. ఆడమనిషికి పేరు పెట్టడమంటే సొంతం చేసుకోవడమే కదా! వాళ్లు ఒప్పుకోలేదు. ఒకామె అన్నది: "మా నాయనమ్మను ఊళ్లె ఎల్లి అనేటోళ్లు. చర్చిల ఎలీసమ్మ అన్నరు. గా 'అమ్మ' అన్నదానికోసమే పోయిందట."

ఆ మాట దగ్గర నా సిద్ధాంతం కాస్త తడబడింది. దొర ముందు పేరు చివర 'అమ్మ' చేరని తరాలకి, పెట్టిన పేరు బరువు కాదు, మర్యాద. అయితే ఆ పేరు చర్చి గేటు దాటి బయటికి రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపుని హిందువులకే పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన రాష్ట్రాల్లో మతం మారిన దళితులు బీసీ-సీలోకి వెళ్లి, ఒక్క శాతం రిజర్వేషన్ పంచుకుంటారు. అందుకని సర్టిఫికెట్టు మీద ఒక పేరు, ఆరాధనలో ఒక పేరు. మా కూడికలో కూచున్న వాళ్లలో సగంమందికి రెండు పేర్లున్నాయి. అసలు పేరు దాచుకుని బతికే ఏంజెల్ వాళ్లకి అమెరికా మనిషిలా ఎందుకనిపించలేదో అప్పుడు తెలిసింది.

బొగ్గూరి ఆడవాళ్లకి మూడో పేరు కూడా ఉంటుంది, కంపెనీ కాగితం మీద. ఇల్లెందు ప్రాంతంలో 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీగా మొదలై 1920లో సింగరేణి అనే పేరు తెచ్చుకున్న ఈ సంస్థ, 1960ల మొదట్లో రామగుండం ప్రాంతంలో బాయిలు దించింది. చుట్టుపక్కల పల్లెల నుంచి మగవాళ్లు మస్టర్లకెక్కారు. 1952 గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో వచ్చిన సడలింపు కూడా సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల వరకే, అదీ పగటిపూట. దాంతో బాయి ఊళ్లో ఆడమనిషి కాగితం మీద భార్యగానో, భర్త పోయాక డిపెండెంటుగానో కనపడేది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందాల్లో ఒక నిబంధన రాసుకున్నారు. కార్మికుడు చనిపోతే, కొడుకు పన్నెండేళ్లు దాటినవాడైతే అతని పేరు లైవ్ రోస్టర్‌లో ఉంచుతారు, పద్దెనిమిది నిండగానే ఉద్యోగం. అప్పటిదాకా భార్యకి నెలనెలా పరిహారం. అంటే ఆమె కొడుకు కోసం సీటు కాపలా కాస్తుందన్నమాట. నలభై అయిదు దాటిన స్త్రీకి ఉద్యోగం అడిగే వీలే లేదు, పరిహారంతో సరిపెట్టుకోవాలి.

ఇది మనసులో పెట్టుకుని నవలని మళ్లీ తిరగేశాను. మొదటిసారి పారిపోయినప్పుడు ఏంజెల్ వెనక్కి వెళ్లింది పాపం మీద మోజుతో కాదు. యజమానురాలు డచెస్ దగ్గర తన సంపాదన ఉంది, దాన్ని అడిగి తీసుకుని ఎక్కడైనా ఒక చిన్న ఇల్లు కట్టుకుందామని. వెళ్లేసరికి ఆ భవనం కాలిపోయింది, డచెస్ లేదు, బంగారమూ లేదు. ఆ ఊరికి బండిలో దింపిన మైకేల్ బావ పాల్ కూడా ఆమె శరీరాన్నే కిరాయిగా వసూలు చేశాడు. నవల ఈ లెక్కని ఇక్కడితో వదిలేస్తుంది. ఆ తర్వాత అప్పు ఆమె వైపుకి తిరుగుతుంది: మైకేల్ ప్రేమకి, దేవుడి క్షమకి ఆమే రుణపడి ఉంటుంది. ఎగ్గొట్టిన కూలిని ఎవరూ మళ్లీ అడగరు. మూలగ్రంథంలో హోషేయ భార్యని వెండికీ యవలకీ కొని తెచ్చుకున్నాడని మూడో అధ్యాయంలో స్పష్టంగానే ఉంది. వెలకట్టిన విషయం దాచడానికి ప్రవక్తకి సిగ్గేయలేదు. సిగ్గంతా రొమాన్సుకే.

మూడోసారి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన ఏంజెల్ ఒక బ్యాంకరు సాయంతో, తనలాంటి ఆడవాళ్లకి ఆశ్రయమిచ్చి పని నేర్పే ఇల్లు నడుపుతుంది. రచయిత్రి ఈ మూడేళ్లనీ గబగబా దాటించి ఆమెని భర్త పొలానికి చేరుస్తుంది. నేనూ కూడికలో రెండు వాక్యాల్లోనే చెప్పేశాను. అక్కడే ఆపారు నన్ను. ఆ ఇంట్లో ఎంతమంది ఉండిరి, వంట ఎవలు చేసిరి, ఆమె పోయినంక ఇల్లు ఎవలు చూసిరి? పుస్తకంలో వాటికి జవాబు సరిగా లేదు.

అందుకని తర్వాతి వారం నవల పక్కన పెట్టి, నిజంగా ఆ గనుల్లో బతికిన లుజీనా విల్సన్ గురించి చెప్పాను. 1849లో భర్తా పిల్లలతో బండి మీద వెళ్లింది. పొయ్యి మీద బిస్కెట్ రొట్టెలు కాలుస్తుంటే ఒక గని మనిషి వచ్చి అయిదు డాలర్లిస్తానన్నాడు. ఆమె నిర్ఘాంతపోయి చూస్తుంటే, చాలవనుకుంటుందేమోనని పదికి పెంచాడు. ఆ తర్వాత నెవాడా సిటీలో బల్లలు వేసి భోజనాలు పెట్టి, దాన్నే హోటలు చేసింది. 1881లో తన జ్ఞాపకాలు కూతురు చేత రాయించుకుంది కాబట్టి ఈ సంగతులు మనదాకా వచ్చాయి.

అంతా నవ్వారు. బాయి గేటు ముందర ఇరవై ఏండ్లు ఇడ్లీ అమ్మినామె మాత్రం నవ్వలేదు. ఆ పదిలో పిండికెంత, కట్టెలకెంత పోయి ఉంటుందో నన్ను అడగడం మొదలుపెట్టింది.